గోదావరి పేరు మోసిన డిస్ట్రాయర్, దాని యుద్ధకాల సేవ, సిబ్బంది: తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు 4, అంటే నౌకాదళ దినం దగ్గరపడేసరికి కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం వైపు నుంచి ఒకే రకమైన ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. మన నది పేరు పెట్టుకున్న యుద్ధనౌక ఒకటి ఉండేదని చాలామంది విన్నారు. అయితే ఆ పేరుతో ఉన్న ఓడలు ఒకటికి మించి ఉండడంతో ఒకదాని కథ మరొకదానికి అతుక్కుపోయింది. ఆ ముడి విప్పడానికి, ముఖ్యంగా ఆ డిస్ట్రాయర్ మీద యుద్ధం చేసిన మనుషులు ఎవరో డెల్టా వాసులకు తెలియజేయడానికి ఈ సమాధానాలు రాశాను.

గోదావరి పేరుతో డిస్ట్రాయర్ ఉండేదన్నది నిజమేనా?

నిజమే. ఐఎన్‌ఎస్ గోదావరి అనే డిస్ట్రాయర్ 1953లో భారత నౌకాదళంలో చేరింది. అయితే ఆ పేరు దానికంటే ముందు ఒక ఓడకు ఉంది, దాని తర్వాత మరొక ఓడకు వచ్చింది. 1943లో బ్రిటిష్ పాలనలోని రాయల్ ఇండియన్ నేవీలో చేరిన స్లూప్ రకం నౌక, అంటే కాపలా పనికి వాడే చిన్న యుద్ధనౌక, మొదటిది. ఈ పుటలో ప్రధానంగా చెప్పుకునే డిస్ట్రాయర్ రెండోది. 1983లో చేరిన క్షిపణి ఫ్రిగేట్, అంటే క్షిపణులు మోసే కాపలా యుద్ధనౌక, మూడోది. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెట్టినట్టే నౌకాదళాల్లోనూ ఒక ఓడ సేవ ముగిశాక దాని పేరును కొత్త ఓడకు పెట్టడం ఆచారం. వంశంలో ఇద్దరు సత్యనారాయణలు ఉంటే ఎవరి ముచ్చట ఎవరిదో తేల్చుకోవలసి వచ్చినట్టు, ఇక్కడా ఏ గోదావరి ఏ పని చేసిందో విడదీసి చెప్పుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో ‘గోదావరి’ ఒక జర్మన్ జలాంతర్గామిని ముంచిందని మా తాతగారు చెప్పేవారు. అది ఈ డిస్ట్రాయరేనా?

కాదు, అది మొదటి గోదావరి, అంటే స్లూప్. తాతగారు చెప్పిన విషయంలో మాత్రం నిజం ఉంది. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దీవుల సమీపంలో యూ-198 అనే జర్మన్ జలాంతర్గామిని ఫైండ్‌హార్న్ అనే బ్రిటిష్ ఫ్రిగేట్, హెచ్‌ఎంఐఎస్ (బ్రిటిష్ కాలపు భారత నౌకల పేర్ల ముందు పెట్టే అక్షరాలు) గోదావరి కలిసి వేటాడి ముంచాయి. జలాంతర్గామిలో ఉన్న 66 మందిలో ఒక్కరూ బతకలేదు. హిందూ మహాసముద్రంలో భారతీయ నావికులు నేరుగా పాల్గొన్న జలాంతర్గామి వేటల్లో ఇది చెప్పుకోదగ్గది.

ఆ స్లూప్‌ను ఇంగ్లండులోని సౌతాంప్టన్ దగ్గర థార్నీక్రాఫ్ట్ సంస్థ నిర్మించింది. 1947లో దేశ విభజన జరిగినప్పుడు నౌకాదళాన్ని కూడా పంచారు. కృష్ణా, కావేరి పేర్లున్న స్లూపులు మన వాటాకు వచ్చాయి, నర్మద, గోదావరి పేర్లున్నవి పాకిస్తాన్‌కు వెళ్ళాయి. గోదావరి పేరున్న ఓడ అక్కడ ‘సింధ్’ అయింది. మన నది పేరు కొన్నేళ్ళపాటు మన నౌకాదళంలో ఏ ఓడ మీదా కనబడకపోవడానికి కారణం ఇదే.

డిస్ట్రాయర్‌కు, మామూలు యుద్ధనౌకకు తేడా ఏమిటి? ఈ ఓడ ఎలా ఉండేది?

వేగంగా కదులుతూ, పెద్ద ఓడలకూ వాణిజ్య నౌకల బారులకూ కాపలా కాస్తూ, జలాంతర్గాములనూ విమానాలనూ ఎదుర్కొనే మధ్యస్థ నౌకను డిస్ట్రాయర్ అంటారు. మన ఓడ బ్రిటన్ నిర్మించిన హంట్ తరగతిలో రెండో రకానికి చెందింది. ఈ తరగతి ఓడలకు ఇంగ్లండులోని నక్కల వేట బృందాల పేర్లు పెట్టారు. అలా దీనికి మొదట పెట్టిన పేరు బెడేల్, అది యార్క్‌షైర్ ప్రాంతంలోని ఒక ఊరు. టైన్ నది ఒడ్డున హెబర్న్‌లో హాథార్న్ లెస్లీ వారి నౌకా నిర్మాణ కేంద్రంలో 1940లో పని మొదలై, 1941లో ఓడ నీటిలోకి దిగి, 1942లో పూర్తయింది.

పొడవు సుమారు 85 మీటర్లు. కోనసీమలో బాగా ఎదిగిన కొబ్బరి చెట్లను నాలుగైదింటిని నేల మీద వరుసగా పడుకోబెడితే ఎంతవుతుందో అంత. వెడల్పు పది మీటర్లకు కాస్త తక్కువ. బరువు సుమారు 1,050 టన్నులు, గరిష్ఠ వేగం 27 నాట్లు, అంటే గంటకు దాదాపు 50 కిలోమీటర్లు. నాలుగు అంగుళాల ఫిరంగులు జంటలుగా ఆరు, విమానాలను కొట్టడానికి నాలుగు గొట్టాల పాంపాం తుపాకి, జలాంతర్గాముల కోసం డెప్త్ ఛార్జ్‌లు, అంటే నీటి లోతున పేలే బాంబులు, ఉండేవి. నీటిలో దూసుకుపోయి ఓడలను కొట్టే టార్పెడోలు మాత్రం లేవు.

ఆరు ఫిరంగులు ఉండడం వెనుక ఒక కథ ఉంది, పడవ ఎక్కినవారికి అది ఇట్టే అర్థమవుతుంది. ఈ తరగతిలో మొదట కట్టిన ఓడల లెక్కలో పొరపాటు జరిగి పైబరువు ఎక్కువైంది, ఓడ తూలిపోయే ప్రమాదం ఏర్పడింది. అందువల్ల మొదటి రకం ఓడల్లో ఒక జంట ఫిరంగిని తీసివేసి నాలుగింటితోనే సరిపెట్టారు. ఆ తర్వాత కట్టిన రెండో రకంలో ఓడ వెడల్పు పెంచి ఆరు ఫిరంగులనూ నిలబెట్టారు. పంటు మీద లారీలను ఏ వైపు ఎన్ని ఎక్కించాలో చూసుకునే సరంగు ఈ సంగతిని ఏ ఇంజినీరుకూ తీసిపోకుండా వివరించగలడు.

బ్రిటన్ కట్టిన ఓడను యుద్ధంలో నడిపింది ఎవరు?

పోలండు దేశస్థులు. ఈ ఓడ కథలో చాలామందికి తెలియని, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇది. 1942 ఏప్రిల్‌లో ఓడను పోలిష్ నౌకాదళానికి అప్పగించారు. బెడేల్ పేరు తీసివేసి శ్లోంజాక్ అని పెట్టారు. యుద్ధమంతా ఆ ఓడ పోలిష్ జెండా కిందనే సాగింది.

పోలండు అప్పటికే జర్మనీ చేతిలో ఉంది కదా, దానికి నౌకాదళం ఎలా ఉంటుంది?

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండు మీద దాడి చేసింది. బాల్టిక్ సముద్రంలో పోలండుకు ఉన్న తీరం చాలా చిన్నది, అక్కడ ఉన్న ఓడలు జర్మన్ విమానాలకు దొరికిపోవడం ఖాయం. అది ముందే గ్రహించి, దాడికి రెండు రోజుల ముందు, ఆగస్టు 30న బ్లిస్కవిత్సా, గ్రోమ్, బూర్జా అనే మూడు డిస్ట్రాయర్లను బ్రిటన్‌కు పంపించివేశారు. వాటిలో వెళ్ళిన నావికులు తల్లిదండ్రులను, భార్యాబిడ్డలను రేవులో వదిలి బయలుదేరారు. వారు బ్రిటన్ చేరేసరికి ఇంటి దగ్గర యుద్ధం మొదలైపోయింది.

1939 నవంబరులో బ్రిటన్, పోలండు ప్రభుత్వాలు ఒక నౌకాదళ ఒప్పందం కుదుర్చుకున్నాయి. దాని ప్రకారం యుద్ధ కార్యకలాపాల్లో ఈ ఓడలు బ్రిటిష్ నౌకాదళం ఆదేశాల మేరకు నడుస్తాయి. ఓడ మీద జెండా, అధికారులు, భాష, క్రమశిక్షణ మాత్రం పోలండువే. నేల పరాయివాడి చేతిలో ఉన్నా, ఓడ మీద అడుగుపెడితే అది పోలండే. ఓడల పేర్లకు ముందు వారు పెట్టుకునే ఓఆర్‌పీ అనే అక్షరాలకు ‘పోలిష్ గణతంత్ర నౌక’ అని అర్థం.

తర్వాత బ్రిటన్ వారికి మరికొన్ని ఓడలను ఇచ్చింది. హంట్ తరగతిలో మూడు దక్కాయి: కుయావియాక్, క్రకోవియాక్, శ్లోంజాక్. కుయావియాక్ 1942 జూన్‌లో మాల్టా దగ్గర మందుపాతర తగిలి మునిగిపోయింది. అంటే శ్లోంజాక్ తన పని ప్రారంభిస్తున్న రోజుల్లోనే దాని తోడబుట్టిన ఓడ పోయింది.

సిబ్బందిలో 1939లో తప్పించుకొచ్చిన నావికులే కాదు, ఇతరులూ ఉన్నారు. సోవియట్ యూనియన్‌లో నిర్బంధ శిబిరాల్లో ఉన్న పోలిష్ ప్రజలకు 1941 ఒప్పందం తర్వాత విడుదల లభించింది. అలా బయటపడినవారిలో కొందరు యువకులు బ్రిటన్ చేరి పోలిష్ నౌకాదళంలో భర్తీ అయ్యారు. అదే దారిలో తల్లిదండ్రులను కోల్పోయి వచ్చిన పిల్లలకు మన దేశంలో ఆశ్రయం దొరికింది. 1942లో నవానగర్ సంస్థానాధీశుడు జాంసాహెబ్ దిగ్విజయసింహ్‌జీ జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో వారి కోసం శిబిరం కట్టించారు. ఓడ మన దేశానికి రావడానికి పదకొండేళ్ళ ముందే ఆ ఓడ నడిపినవారి జాతి పిల్లలు మన అన్నం తిన్నారన్నమాట.

శ్లోంజాక్ అంటే అర్థం ఏమిటి?

సైలీషియా ప్రాంతం మనిషి అని అర్థం. మనం కోనసీమవాడు, పల్నాటివాడు అన్నట్టు. క్రకోవియాక్, కుయావియాక్ కూడా అలాంటి ప్రాంతాల పేర్లే. పోగొట్టుకున్న సీమల పేర్లనే ఓడలకు పెట్టుకున్నారు.

అదే సమయంలో మన తీరంలో యుద్ధం ఎలా ఉంది?

ఓడ పోలిష్ చేతుల్లోకి మారిన ఆ 1942 ఏప్రిల్‌లోనే, 6వ తేదీన, జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలను జపాన్ నౌకాదళం ముంచివేసింది. ‘కాకినాడ మీద బాంబు పడింది’ అన్న మాటను పెద్దవారు చెప్పగా విన్న కుటుంబాలు డెల్టాలో ఇప్పటికీ ఉన్నాయి. యుద్ధం ఎక్కడో ఐరోపాలో జరిగిందని, మనకు సంబంధం లేదని అనుకునేవారికి నేను ముందుగా చెప్పేది ఈ తేదీనే.

డియెప్ దాడిలో ఈ ఓడ పాత్ర ఏమిటి? అక్కడ దాని వల్ల పొరపాటు జరిగిందంటారు, నిజమా?

1942 ఆగస్టు 19న ఫ్రాన్స్ తీరంలోని డియెప్ రేవు మీద మిత్రరాజ్యాలు దాడి చేశాయి. సుమారు 6,000 మంది సైనికుల్లో దాదాపు 5,000 మంది కెనడావారు. వారిని కాపాడడానికి హంట్ తరగతి డిస్ట్రాయర్లు ఎనిమిది వెళ్ళాయి. అందులో ఏడు బ్రిటిష్ ఓడలు, ఎనిమిదోది శ్లోంజాక్. దాని కమాండింగ్ అధికారి రోముఅల్ద్ తిమిన్‌స్కి.

దాడి ఘోరంగా విఫలమైంది. చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిపి కెనడా సైన్యం ఒక్కటే 3,367 మందిని కోల్పోయింది, వారిలో 900 మందికి పైగా మరణించారు.

ఇక పొరపాటు సంగతి. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, తూర్పు వైపు వెళ్తున్న కమాండోల పడవలకు దారిలో జర్మన్ నౌకల బారు ఒకటి అనుకోకుండా ఎదురైంది. కాల్పులు మొదలయ్యాయి, చిన్న పడవలు చెల్లాచెదురయ్యాయి, వాటిలో కొన్ని మాత్రమే ఒడ్డు చేరాయి. ఆ సమయంలో శ్లోంజాక్, బ్రోక్‌ల్స్‌బీ అనే మరో డిస్ట్రాయర్ అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోనే గస్తీ తిరుగుతున్నాయి. కాల్పుల వెలుగు కనబడింది. అయితే ఆ కాల్పులు ఒడ్డు మీద నుంచి వస్తున్నాయని తిమిన్‌స్కి భావించి ఓడలను అటు మళ్ళించలేదు. ఆ తీర్పు తప్పని తర్వాత తేలింది, యుద్ధ చరిత్రకారులు దానిని దాచకుండానే రాశారు.

నా అభిప్రాయం అడిగితే, దానిని తప్పుగానే నమోదు చేయాలి. ఆ ఓడ మనది కూడా కాబట్టి దాని మంచిని మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు. అయితే దానితో పాటు మరొకటి కూడా చెప్పాలి. రాత్రి సముద్రం మీద దూరాన మెరిసే వెలుగు ఒడ్డుదా, నీటిదా అని తేల్చడం ఎంత కష్టమో అంతర్వేది మొగ దగ్గర రాత్రి వేటకు వెళ్ళే మత్స్యకారులకు తెలుసు. అదే ఓడ, ఆ రోజు తెల్లవారాక, ఎడతెగని విమాన దాడుల మధ్య తీరానికి దగ్గరగా నిలిచి ఫిరంగులు కాల్చింది, నీటిలో కొట్టుకుపోతున్న సైనికులను పైకి తీసింది. తోటి డిస్ట్రాయర్ బర్క్‌లీ బాంబు దెబ్బకు నడుము విరిగి కదలలేకపోవడంతో, శత్రువుకు చిక్కకుండా మన వైపువారే దానిని టార్పెడోతో ముంచవలసి వచ్చింది. అలాంటి ఉదయం అది.

ఓడ మీద మనుషులు ఎలా పనిచేసేవారు?

85 మీటర్ల ఓడలో సుమారు 160 మంది ఉండేవారు. నావికులు భోజనం చేసే గదిలోనే, బల్లల పైన ఉయ్యాలల్లా కట్టిన గుడ్డ పడకల్లో నిద్రపోయేవారు. కాపలా వంతులు గంటల లెక్కన రాత్రింబగళ్ళు తిరుగుతూ ఉండడం వల్ల ఏకధాటిగా నిద్ర అనేది అరుదు. ఉత్తర సముద్రపు చలికాలంలో పైన పడిన అలల నీరు కింద గదుల్లోకి కూడా వచ్చేది.

ఒక ఫిరంగి దగ్గరి పనిని మాత్రం కొంచెం దగ్గరగా చూపిస్తాను. నాలుగు అంగుళాల ఫిరంగికి గుండూ మందూ కలిసి ఒకే ముక్కగా ఉండే తూటా వాడేవారు. దాని బరువు 28 కిలోల పైచిలుకు, అంటే మనం కొనే పాతిక కిలోల బియ్యం బస్తా కంటే కాస్త ఎక్కువ. విమాన దాడి జరుగుతున్నప్పుడు ఒక్కో గొట్టంలోకి నిమిషానికి పదిహేను వరకు తూటాలు ఎక్కించాలి. ఓడ శత్రు విమానాలను తప్పించుకోవడానికి ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంటుంది, కాళ్ళ కింద ఇనుప నేల వాలిపోతుంటుంది, అంతకు ముందు కాల్చిన ఖాళీ తూటాలు వేడిగా దొర్లుతుంటాయి. ఆ స్థితిలో బియ్యం బస్తా ఎత్తి నాలుగు సెకన్లకొకసారి నడుము ఎత్తులో ఉన్న గొట్టంలోకి తోసే మనిషిని ఊహించుకోండి. డియెప్ దగ్గర ఆ పని గంటల తరబడి జరిగింది.

కింద ఇంజను గదిలోని వారికి పైన ఏం జరుగుతోందో కనబడదు. బాయిలర్ల వేడిలో, పైనుంచి వచ్చే చప్పుడును బట్టి బాంబు ఎంత దూరంలో పడిందో అంచనా వేసుకుంటూ, ఆవిరి ఒత్తిడి తగ్గకుండా చూసుకోవడమే వారి యుద్ధం. జలాంతర్గామి వేటలో మరొకరి పని చెవులతో సాగేది. నీటిలోకి ధ్వని పంపి, అది దేనికైనా తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని వినే నావికుడు చేపల గుంపుకూ జలాంతర్గామికీ ఉన్న తేడాను శబ్దంలోనే పట్టుకోవాలి. ఆయన గుర్తుపడితే డెప్త్ ఛార్జ్‌లు జారవిడుస్తారు. పీపాలాంటి ఆ బాంబు, ముందుగా అమర్చిన లోతుకు చేరగానే నీటి ఒత్తిడికి పేలుతుంది.

మధ్యధరా సముద్రంలో ఏం చేసింది?

1943 జూలైలో సిసిలీ మీద, సెప్టెంబరులో ఇటలీ ప్రధాన భూభాగంలోని సలెర్నో మీద జరిగిన దండయాత్రల్లో పాల్గొంది. నౌకల బారులకు కాపలా, ఒడ్డుకు దిగే సైన్యానికి రక్షణ దాని పని.

నార్మండీలో ఎక్కడ పనిచేసింది?

1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైన్యం దిగిన అయిదు ప్రదేశాల్లో తూర్పు చివరది స్వోర్డ్ తీరం. శ్లోంజాక్ అక్కడ ఉంది. ఆ ఉదయమే జర్మన్ టార్పెడో పడవలు పొగ తెరల చాటు నుంచి వచ్చి టార్పెడోలు వదలగా, స్వెన్నర్ అనే నార్వే డిస్ట్రాయర్ రెండు ముక్కలై మునిగిపోయింది. నార్వే కూడా అప్పటికి జర్మనీ ఆక్రమణలో ఉన్న దేశమే. ఇల్లు లేని రెండు జాతుల నావికులు పక్కపక్కనే ఆ పనిలో ఉన్నారు.

శ్లోంజాక్‌కు అప్పగించిన పని లియోన్-సుర్-మేర్ అనే ఊరి దగ్గర దిగిన బ్రిటిష్ 41వ రాయల్ మెరైన్ కమాండోలకు ఫిరంగి మద్దతు ఇవ్వడం. ఆ దళం ఊరిలోకి చొరబడి గట్టి ప్రతిఘటన ఎదుర్కొని చాలామందిని కోల్పోయింది. ఓడ ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చి జర్మన్ స్థావరాల మీద గుండ్లు కురిపించడం వల్లనే కమాండోలు నిలదొక్కుకోగలిగారు. ఇలాంటి మద్దతులో రెండు వైపులా నమ్మకం ఉండాలి. ఒడ్డున ఉన్న పరిశీలకుడు రేడియోలో చెప్పే అంకెలను బట్టి ఓడ గురి పెడుతుంది, అంకె ఒకటి తప్పితే గుండు సొంత మనుషుల మీదే పడుతుంది. పోలిష్ మాట్లాడే గన్నర్లు, ఇంగ్లీషు మాట్లాడే కమాండోలు ఆ అంకెల మీదే ఆధారపడి పనిచేశారు. డియెప్ దగ్గర అదే ఓడ దూరపు కాల్పులను పొరపాటుగా అర్థం చేసుకున్న సంగతి గుర్తుంటే, రెండేళ్ళ తర్వాత ఈ పని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

యుద్ధం గెలిచాక ఆ సిబ్బంది ఇళ్ళకు వెళ్ళారా?

చాలామంది వెళ్ళలేదు, వెళ్ళలేకపోయారు. వారు ఎవరి తరఫున పోరాడారో ఆ పోలిష్ ప్రభుత్వం లండన్‌లో ఉండేది. యుద్ధం ముగిసేసరికి పోలండు సోవియట్ సైన్యం చేతిలో ఉంది. 1945 జూలైలో బ్రిటన్ లండన్‌లోని ప్రభుత్వానికి గుర్తింపు తీసివేసి, వార్సాలో ఏర్పడిన కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. ఆరేళ్ళు పరాయి రేవుల్లో బతికిన నావికులకు యుద్ధంలో గెలిచిన రోజునే దేశం మరోసారి పోయినట్టయింది. తిరిగి వెళ్తే కొత్త ప్రభుత్వం అనుమానంతో చూస్తుందనే భయం వారికి ఉండేది. ఆ భయం నిరాధారం కాదని తర్వాత జరిగిన అరెస్టులు చూపించాయి.

1946 జూన్‌లో లండన్‌లో జరిగిన విజయోత్సవ కవాతులో పోలిష్ సైన్యం నడవలేదు. ఆ ఏడాదే ఓడను బ్రిటన్‌కు తిరిగి అప్పగించారు. బ్రిటన్ ప్రభుత్వం పోలిష్ సైనికుల కోసం పునరావాస దళం ఏర్పాటు చేసింది. దాని ద్వారా వేలమంది కర్మాగారాల్లో, పొలాల్లో, గనుల్లో పనులకు కుదిరారు. మరికొందరు కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలకు తరలిపోయారు. డెల్టా నుంచి రంగూనుకు వెళ్ళి, 1942లో అక్కడి నుంచి కాలినడకన తిరిగి వచ్చిన కుటుంబాల కథలు మనం విన్నాం. వారికి కనీసం తిరిగి రావడానికి ఊరు మిగిలింది. ఈ ఓడ సిబ్బంది గురించి చదివినప్పుడల్లా నాకు ఆ తేడాయే మనసులో మెదులుతుంది.

ఓడ భారతదేశానికి ఎలా వచ్చింది?

స్వాతంత్ర్యం తర్వాత మన నౌకాదళానికి ఓడలు అవసరమయ్యాయి, కొత్తవి కట్టుకునే స్తోమత అప్పట్లో లేదు. అందుకని బ్రిటన్ వాడిన ఓడలను తీసుకున్నారు. 1949లో రాజ్‌పుత్, రాణా, రంజిత్ అనే మూడు పెద్ద డిస్ట్రాయర్లు వచ్చాయి. 1953లో హంట్ తరగతి ఓడలు మూడు అరువు పద్ధతిలో వచ్చాయి. చిడింగ్‌ఫోల్డ్ గంగ అయింది, లామర్టన్ గోమతి అయింది, బెడేల్ గోదావరి అయింది. అలా ఒక ఓడకు పన్నెండేళ్ళ లోపే మూడు భాషల్లో మూడు పేర్లు వచ్చాయి, వాటిలో చివరి పేరు మనది.

1971లో విశాఖ రేవు దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ఎదుర్కొన్న డిస్ట్రాయర్ గోదావరేనా?

కాదు, అది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్. విశాఖ మనకు దగ్గర కాబట్టి ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుకుతూ ఘాజీ 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్‌కు పంపించి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు శత్రువు నమ్మేలా ఏర్పాట్లు చేశారు. రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి, విక్రాంత్ పంపుతున్నట్టుగా రేడియో సందేశాలు పంపించారు.

డిసెంబరు 3 అర్ధరాత్రికి కాస్త ముందు రాజ్‌పుత్ విశాఖ రేవు నుంచి బయలుదేరింది. కమాండింగ్ అధికారి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. కాలువ దాటాక నీటిలో అలజడి కనబడిందని నిఘా కాస్తున్న నావికుడు చెప్పడంతో రెండు డెప్త్ ఛార్జ్‌లు వదిలారు. కొద్దిసేపటికి విశాఖలో కిటికీ అద్దాలు అదిరేంత పెద్ద పేలుడు వినిపించింది. మరునాడు మత్స్యకారులకు సముద్రంలో తేలుతున్న శకలాలు దొరికాయి, వాటిని తెచ్చి చూపించడంతో గాలింపు మొదలైంది. ఘాజీలో ఉన్నవారంతా మరణించారు. రాజ్‌పుత్ డెప్త్ ఛార్జ్‌ల వల్లనే అది మునిగిందని భారత నౌకాదళం చెప్తుంది. అది పరిచిన మందుపాతరల్లో ఒకటి పేలడమో, లోపలే పేలుడు సంభవించడమో కారణమని పాకిస్తాన్ వాదిస్తుంది. శకలం ఇప్పటికీ విశాఖ దగ్గర సముద్రం అడుగున ఉంది, అందులో పోయినవారి గౌరవార్థం దానిని కదిలించలేదు.

ఆ డిస్ట్రాయర్ ఎప్పుడైనా గోదావరి నదిలోకి రాగలిగేదా?

లేదు. అలాంటి ఓడ తేలడానికి కనీసం మూడు మీటర్లకు మించిన లోతు నిలకడగా ఉండాలి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మొగలన్నిటి దగ్గరా ఇసుక మేటలు ఏటేటా చోటు మారుతుంటాయి, పోటు సమయంలో కూడా దారి నమ్మదగ్గది కాదు. కాకినాడలోనే పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే బార్జీలు వెళ్ళి సరుకు దించుకువచ్చేవి. కోరంగిలో తెరచాప ఓడలు కట్టిన కాలం వేరు, వాటి అడుగు వేరు.

చివరికి ఆ ఓడ ఏమైంది? తర్వాతి గోదావరి ఏది?

1976 మార్చిలో మాల్దీవుల దగ్గర గట్టుకు తగిలి చిక్కుకుంది. ఆ తర్వాత దానిని తుక్కుగా విడగొట్టారు.

తర్వాత బొంబాయిలోని మజగావ్ డాక్‌లో కొత్త ఓడ రూపుదిద్దుకుంది. 1983 డిసెంబరు 10న నౌకాదళంలో చేరిన ఆ ఫ్రిగేట్‌కు గోదావరి పేరే పెట్టారు, దాని తరగతికీ అదే పేరు వచ్చింది. తర్వాతి రెండు ఓడలకు గంగ, గోమతి అని పేర్లు పెట్టడంతో పాత హంట్ ఓడల త్రయం మళ్ళీ నిలబడింది. 1988 నవంబరులో మాల్దీవుల్లో తిరుగుబాటు జరిగినప్పుడు, బందీలతో పారిపోతున్న ప్రోగ్రెస్ లైట్ అనే నౌకను వెంబడించి ఆపింది ఈ కొత్త గోదావరే.  2015 డిసెంబరు 23న ముంబయిలో దాని సేవ ముగిసింది.

ఇప్పుడు ఆ ఓడను గానీ, అలాంటిదాన్ని గానీ చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

హంట్ తరగతి డిస్ట్రాయర్లలో ఒక్కటీ ప్రదర్శనశాలగా మిగలలేదు. 1939 ఆగస్టులో తప్పించుకున్న మూడు పోలిష్ డిస్ట్రాయర్లలో బ్లిస్కవిత్సా మాత్రం పోలండులోని గ్దీనియా రేవులో ప్రదర్శనశాలగా ఉంది. శ్లోంజాక్ సిబ్బంది ఎలాంటి గదుల్లో పడుకున్నారో, ఎలాంటి ఫిరంగుల దగ్గర నిలబడ్డారో చాలావరకు అక్కడ చూడవచ్చు.

అంత దూరం వెళ్ళలేనివారికి విశాఖ రామకృష్ణా బీచ్ ఉంది. అక్కడ 1971 యుద్ధ స్మారకంతో పాటు కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఉంది. కురుసుర డిస్ట్రాయర్ కాదు, డిస్ట్రాయర్లు వేటాడే రకం. అయినా పిల్లలను తీసుకువెళ్ళేవారికి నేను దానినే సూచిస్తాను. లోపల ఒకరి పక్కన ఒకరు నడవలేని సందులో నిలబడి, పైన డెప్త్ ఛార్జ్ పేలితే ఎలా ఉంటుందో అడిగే పిల్లవాడికి, సీషెల్స్ దగ్గర స్లూప్ గోదావరి ముంచిన జలాంతర్గామిలోని ఆ 66 మంది గురించి కూడా చెప్పండి.